కుడి రెక్క రివెట్లు

ఆ కిట్ నాకు ఇచ్చింది మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన ఆంగ్లో ఇండియన్ టీచరు. రిటైరై, ఇల్లు ఖాళీ చేసి, బెంగళూరులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ ఆవిడ నన్ను పిలిచి ఒక అట్టపెట్టె చేతిలో పెట్టారు. మూత మీద రెండు ఇంజన్ల డకోటా విమానం బొమ్మ, రంగులు వెలిసిపోయి ఉంది. వాళ్ళ అన్నయ్య కుర్రతనంలో కొనుక్కున్నదట. ఒక్క ముక్క కూడా అతికించకుండానే ఆయనకు వయసు మీద పడింది, ఆ తర్వాత పోయారు. నువ్వయితే పూర్తి చేస్తావు, అన్నారావిడ.

నేను పుట్టిందీ పెరిగిందీ బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లోనే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో చేరాడు. మా నాన్న అందులోనే రిటైరయ్యాడు. నేను సైన్సు టీచర్ని. మా ఆయన గూడ్సు బండ్లు నడుపుతారు. లాక్‌డౌన్‌లో స్కూలు మూసేసిన రోజుల్లో ఆయన ఎక్కడినుంచో ఒక చిన్న ప్లాస్టిక్ విమానం కిట్ తెచ్చి ఇచ్చారు. ముక్కలు కోసి, అతికించి, రంగులేసి నిలబెట్టాక నాకు ఆ పిచ్చి పట్టుకుంది. డకోటా చేతికొచ్చే సరికి ఆరు విమానాలు చేసి ఉన్నాను.

పాత కిట్లకు ఒక జబ్బు ఉంటుంది. వేసవిలో పిల్లల వీపు మీద చెమటకాయలు లేచినట్టు రెక్కల నిండా, ఒంటి నిండా రివెట్లు బుడిపెలు బుడిపెలుగా ఉంటాయి. బొమ్మను నిజం విమానమంత పెంచి ఊహించుకుంటే ఒక్కో రివెట్టు నిమ్మకాయంత అవుతుంది. కిట్లు చేసేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒకటే మాట చెబుతారు: ముందు వాటిని గీకి పారేయండి, ఆ తర్వాత సన్నటి గీతలు గీసుకోండి అని. నాకూ అదే సరిగ్గా తోచింది.

ఇంకా చాలా మార్పులు అనుకున్నాను. కిట్‌లో సామాన్లు ఎక్కించే పెద్ద తలుపు ఒట్టి గీతగా ఉంది. దాన్ని కోసి తెరవాలి. తెరిస్తే లోపల ఏమీ లేదు, డొల్ల. కాబట్టి లోపలి పక్కటెముకల్లాంటి బద్దలూ, గోడ పక్కన వరసగా ఉండే బల్లలూ ఐస్‌క్రీం డబ్బా ప్లాస్టిక్ కోసి నేనే చేయాలి. పైలట్ కూర్చునే చోటి అద్దం పసుపు పచ్చగా మారి పగిలి ఉంది. కొత్తది కావాలంటే అదే ఆకారంలో ఒక చెక్క ముక్క చెక్కించి, దాని మీద వేడి చేసిన పారదర్శకపు ప్లాస్టిక్ రేకును లాగి నొక్కాలి.

వేసవి సెలవులు మొదలైన మర్నాడు వరండాలో బేసిన్ నిండా నీళ్ళు పెట్టుకుని, ఎమరీ కాగితంతో కుడి రెక్క పైభాగం రుద్దాను. బూడిదరంగు పాలలాంటి నీళ్ళు కారాయి. ఒక్క మధ్యాహ్నంలో రెక్క అద్దంలా తయారైంది. మనసుకు హాయిగా అనిపించింది. ఎడమ రెక్క రేపు చూద్దామనుకుని, చెక్క ముక్క సంగతి అడగడానికి సాయంత్రం మా ఊళ్ళోనే ఉన్న తాల్‌బగీచాకి వెళ్ళాను. పెట్టె మొత్తం వెంట తీసుకెళ్ళాను.

అక్కడ ఉండేది మా పెదనాన్న. రక్తసంబంధం ఏమీ లేదు. అప్పట్లో ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు, నాన్నకు పెద్దన్నయ్య లాంటివాడు. ఎనభై రెండేళ్ళు. వర్క్‌షాప్‌లో పాటర్న్ షాపు అని ఉండేది. ఇనుముతో ఏది పోత పోయాలన్నా ముందు దాన్ని చెక్కతో చేయాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క ఆకారాలు చేసిన మనిషి మా పెదనాన్న.

చిన్నప్పుడు ఆయన స్కేలుతో నేను లెక్కల హోంవర్కు చేసి తన్నులు తిన్నాను. నేను గీసిన త్రిభుజంలో టీచరు ఏ భుజం కొలిచినా కాస్త ఎక్కువే వచ్చింది. ఏడుస్తూ వెళ్తే ఆయన నవ్వి, "అది మీ బడి స్కేలు కాదమ్మీ. ఇనుం సల్లారితే ముడుసుకుపోద్ది. దానికి ముందే కలిపి గీసిన స్కేలది" అన్నాడు. చల్లారాక ఎంత తగ్గుతుందో ముందే తెలిసి, ఆ మేరకు పెద్దదిగా చెక్కే పని అన్నమాట. ఆ వయసులో నాకు అది మంత్రంలా అనిపించింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఆ సాయంత్రం పెదనాన్న కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను అద్దం ముక్క చూపించి ఏం కావాలో చెప్పాను. ఆయన అది పక్కన పెట్టి, పెట్టెలోంచి ఎడమ రెక్క తీశాడు.

"ఇదేటిది, రేకా?"

"ప్లాస్టిక్ పెదనాన్నా. ఉక్కు అచ్చులో కరిగిన ప్లాస్టిక్ పోసి తీస్తారు."

"అయితే పోతే గదా."

కళ్ళజోడు మార్చుకుని, పైన భూతద్దం పెట్టి చూడడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ టీ తెచ్చింది. టీ చల్లారింది. ఆయన రెక్కను వెలుతురుకు అడ్డంగా పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి, బొటనవేలితో ఒక్కో వరసా తడుముతూ పోయాడు. మధ్యలో నేనేదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

చాలాసేపటికి అన్నాడు: "దీన్ని మిషన్ సెయ్యనేదమ్మీ. మనిసి సేసినాడు."

"అచ్చు మిషన్‌దేగా?"

"అచ్చు సంగతి కాదు. ఈ బొడిపెలు. అచ్చులో గుంట పడితేనే గదా పోత మీద బొడిపె లెగుస్తాది. ఆ గుంటలు ఒకటొకటీ పంచు ఉలి పెట్టి సుత్తితో కొట్టినాడు. సూడు, వొరస ఒంటికాడ మొదలెట్టినాడు, రెక్క కొసకి పోయినాడు. మొదట దెబ్బలు గట్టిగున్నాయి. పోను పోను సెయ్యి అలిసిపోనాది, బొడిపెలు సిన్నవైనాయి. మల్లా రెండో వొరస గట్టిగున్నాది. ఈ మూడో వొరసలో సూసినావా, మద్దినుంచి గట్టిపడినాది. ఇక్కడ టీకి లెగిసినాడు."

భూతద్దం నా చేతికిచ్చాడు. నాకు మొదట అన్నీ ఒకలాగే కనిపించాయి. తర్వాత ఆయన వేలు పెట్టిన చోట చూపు నిలిపాను. నిజమే. వరస కొసకు వచ్చేసరికి చుక్కలు చిన్నవవుతున్నాయి. ఒకచోట రెండు చుక్కలు దగ్గరగా పడితే, ఆ తప్పును కప్పిపుచ్చడానికి తర్వాతి నాలుగింటినీ కొంచెం కొంచెంగా జరిపి సర్దాడా మనిషి. మూడో వరస మధ్యలో చెయ్యి ఊపిరి పీల్చుకుని వచ్చినట్టు చుక్కలు మళ్ళీ నిండుగా అయ్యాయి.

ఏ దేశమో, ఏ ఊరో తెలియదు. నేను పుట్టకముందు ఎవరో ఒక మనిషి ఉక్కు దిమ్మ ముందు కూర్చుని ఒక పొద్దంతా కొట్టిన దెబ్బలు తాల్‌బగీచాలో ఒక కిటికీ పక్కన కనిపిస్తున్నాయి. ఇంతకాలం నేను దాన్ని జబ్బు అనుకున్నాను.

"దీని జతేది?" అన్నాడు పెదనాన్న.

కుడి రెక్క తీసి ఇచ్చాను. ఆయన బొటనవేలు దాని మీద ఒకసారి జారింది. ఇంకోసారి జారింది.

"బాగా నునుపు తీసినావు" అన్నాడు. అది మెచ్చుకోలే. పనివాడు పనివాడితో అనే మాటే. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

నేను సమర్థించుకున్నాను. నిజం విమానానికి రివెట్లు ఇలా ఉండవని, నిమ్మకాయ లెక్క కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు. "అది నిజివే. నువ్వు సెప్పింది తప్పు కాదు. ఇమానం నీది, నీ ఇష్టం." అద్దం కోసం రేకు ఎంత మందమో అడిగి, ఆ మందం తగ్గించి చెక్కుతానని చెప్పి పంపేశాడు. రెండు రోజుల్లో టేకు ముక్క మీద అది తయారైంది. దాని మీద లాగిన రేకు మొదటి ప్రయత్నంలోనే విమానం నెత్తిన చక్కగా కూర్చుంది.

ఎడమ రెక్క మాత్రం రుద్దలేకపోయాను. బేసిన్‌లో నీళ్ళు పోసుకుని కూర్చోవడం, ఎమరీ కాగితం తడపడం, లేచిపోవడం. రెండు వారాలు ఇలా గడిచాక మళ్ళీ తాల్‌బగీచా వెళ్ళి, "పెదనాన్నా, కుడి రెక్కకి మళ్ళీ రివెట్లు పెట్టాలి" అన్నాను.

పెద్దమ్మ పకపకా నవ్వింది. "పెట్టినవి పీకినావు, పీకినవి పెడతావు. నీకు బడి నేదా ఏటి?"

"సెలవులు పెద్దమ్మా."

పెదనాన్న నవ్వలేదు. "ఎలగ పెడతావు?" అన్నాడు. అప్పటికే ఆలోచనలో పడ్డాడని గొంతు చెబుతోంది.

మొదట గుండుసూదితో జిగురు చుక్కలు పెట్టి చూశాం. ఒకటి పాకింది, ఒకటి ఎండి అణిగిపోయింది. తర్వాత పాడైన టైంపీసులోంచి పళ్ళచక్రం తీసి, దానికి పిడి వేసి, పల్చటి రేకు మీద దొర్లించాం. చుక్కలు ముత్యాల్లా వరసగా పడ్డాయి. నాకు నచ్చింది. పెదనాన్న ఎడమ రెక్క పక్కన పెట్టి చూసి, "బాగానే ఉంది గాని, ఈ రెండూ జత కావమ్మీ" అన్నాడు. పక్కపక్కన చూస్తే నాకూ తెలిసింది. ఒకటి చేత్తో రాసిన ఉత్తరం, ఇంకోటి ఆఫీసు కాగితం.

దారి దొరికింది గోల్ బజార్‌లో. ఏసీ గొట్టాలకు చుట్టే అల్యూమినియం టేపు ఒకటి ఉంటుంది. పల్చటి లోహం, వెనక జిగురు, జిగురు మీద కాగితం. కాగితం వైపు నుంచి మొద్దు సూదితో నొక్కితే ముందువైపు బుడిపె లేస్తుంది. కాగితం ఒలిచి రెక్క మీద అతికిస్తే సరి. పెదనాన్న కుట్టు మిషను సూదిని విరిచి, కొసను సానరాయి మీద గుండ్రంగా అరగదీసి, టేకు పిడిలో బిగించాడు. టేపు కింద వేయడానికి సైకిల్ ట్యూబు ముక్క కోశాడు.

ఎక్కడెక్కడ నొక్కాలో తెలియాలి కదా. నేను ఎడమ రెక్క మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దాను. చుక్కలన్నీ కాగితం మీదికి వచ్చాయి. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. "ఇది ఎడమ రెక్కది. కుడిదానికి తిరగేసి గీయాలిగా?"

పెదనాన్న ఆ కాగితాన్ని అలాగే, తిరగెయ్యకుండా, టేపు వెనక వైపు పెట్టి పది చుక్కలు నొక్కాడు. టేపు తిప్పి ముందు వైపు చూపించాడు. ఎడమది కుడిది అయిపోయి ఉంది. వెనక నుంచి నొక్కితే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. బళ్ళో దర్పణాల పాఠం ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని, నోరు తెరుచుకుని చూశాను.

"అయితే ఒక మాట" అన్నాడాయన. "ఇది ఆ మనిసి సేసిన కుడి రెక్క మటుకు కాదు. ఎడమదాని నీడ. కుడి రెక్క మీద ఆడి సెయ్యి ఎక్కడ అలిసినాదో మనకి తెల్దు. అది పోనాది."

"తెలుసు పెదనాన్నా."

"తెలిస్తే ఠీక్ హై."

జూన్ నెలంతా ఆయన పొద్దున్న ఎనిమిదింటికి కిటికీ దగ్గర కూర్చునేవాడు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి పెద్దమ్మ గంట కంటే ఎక్కువ కూర్చోనిచ్చేది కాదు. గంట కాగానే వచ్చి సూది లాక్కునేది. నేను బల్లకు ఇవతల వైపు కూర్చుని విమానం లోపలి బల్లలు కోసేదాన్ని. అగ్గిపుల్ల మందం బద్దలు, కొసలు వంచి, గోడల వెంబడి అతికించడం.

"ఇదంతా మూసేత్తే ఎవులు సూస్తారు?" అని ఒకరోజు అడిగాడు.

"తలుపులోంచి ఒక రెండు బల్లలు కనిపిస్తాయి. మిగతాది ఎవరికీ కనపడదు."

ఆయనకు అది బాగా నచ్చింది. కాసేపటికి సూది కింద పెట్టి, నాకు ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. పాటర్న్ షాపు వాళ్ళు చేసింది చెక్క. బయటికి పోయేది ఇనుము. తను చేసిన ఆకారాలు ఏ బండికి పోయాయో, ఏ ఊళ్ళు తిరిగాయో ఆయనకు తెలిసేది కాదు. ఒకసారి సొంత ఊరికి పోతుంటే పలాసలో బండి ఆగింది. పక్క లైనులో గూడ్సు నిలబడి ఉంది. కిటికీకి ఎదురుగా ఉన్న వ్యాగన్ చక్రం దగ్గరి ఇరుసు పెట్టె మూత మీద ఆయన చూపు పడింది.

"మూలలు గుండ్రంగా రావాలని మైనం పెట్టి యేలితో నొక్కుతాం. ఆ మూత పాటర్నుకి ఒక మూల నా బొటనేలు కాస్త లోపలికి దిగిపోనాది. సరి సేద్దుం అనుకుని మరిసిపోనాను. ఆ నొక్కు ఇనుంలో అలగే ఉన్నాదమ్మీ. దిగి, పట్టాలు దాటి పోయి, యేలు పెట్టి సూసినాను. సరిగ్గా సరిపోనాది."

"తర్వాత?"

"తరవాతేటి, సిగ్నల్ పడినాది. మీ పెద్దమ్మ కేకలు."

"పిల్లల్ని ఒల్లో ఎట్టుకుని ఒక్కదాన్నే కూకున్నాను" అంది వంటింట్లోంచి పెద్దమ్మ. "కేకలెయ్యక పాట పాడతానా?"

ఆ ఒక్క పాటర్ను మీద ఎన్ని మూతలు పోశారో ఆయనకు తెలియదు. అన్నిటి మీదా ఆ వేలి నొక్కు ఉండి ఉంటుంది. ఎక్కడెక్కడి పట్టాల మీదో, ఎండలో వానలో, ఆయన బొటనవేలు తిరుగుతూ ఉండి ఉంటుంది. నేను కోస్తున్న బద్ద చేతిలోనే ఉండిపోయింది. నా ఎదురుగా పెదనాన్న మళ్ళీ సూది అందుకుని, ఊపిరి బిగబట్టి తర్వాతి చుక్క నొక్కాడు.

టేపు పూర్తయిన రోజు దాన్ని అతికించింది నేను. అతికించి చెడగొట్టిందీ నేనే. కాగితం ఒలిచి రెక్క మీద పెట్టగానే ముందు అంచు దగ్గర ముడత పడింది. లాగబోతే చిరిగింది. మూడు వారాల పొద్దుటి పని నా వేళ్ళ మధ్య నలిగిపోయింది. తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

"ఇంకోటి సేద్దుం" అన్నాడు పెదనాన్న. అంతే. చిరిగిన టేపును వేళ్ళతో సాపు చేస్తూ, "ఈ పాలి మూడు ముక్కలుగా సేద్దుం. పోతే ఒక ముక్కే పోద్ది" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. బయట వానలు పట్టాయి. నా బడి తెరిచారు. సెలవు రోజుల్లో వెళ్ళి చూసేదాన్ని. మొదటిసారి కంటే రెండోసారి చెయ్యి కుదురుగా నడిచింది. మూడు ముక్కలూ సిద్ధమయ్యాక అతికించడానికి నాకు ధైర్యం చాలలేదు. పెదనాన్నకు వేళ్ళు గట్టిగా పట్టవు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అప్పడం ఆరేసినట్టు దించాల. అంతా ఒక్క పాలి పడెయ్యకూడదు. ఒక పక్క ఆనించి, పోను పోను ఒగ్గాల" అంది.

"అయితే నువ్వే దించు" అన్నాడు పెదనాన్న.

ఆవిడ దించింది. కాగితం కొంచెం ఒలవడం, కొంచెం ఆనించడం, పాత చీర ముక్క ఉండ చేసి దాంతో మెల్లగా అద్దడం. మూడు ముక్కల్లో ఎక్కడా ముడత లేదు. నలభై ఏళ్ళు వర్క్‌షాప్‌లో పనిచేసిన మనిషి తన భార్య చేతుల వైపు చూస్తున్న ఆ చూపు నేను మరిచిపోలేదు. ఆవిడకు మాత్రం పొయ్యి మీద పప్పు అడుగంటుతుందన్న ధ్యాస తప్ప ఇంకేమీ లేదు.

ఆ తర్వాత రెండు రెక్కలకూ వెండిరంగు వేశాను. రంగు ఆరాక లోహం ఏదో ప్లాస్టిక్ ఏదో తెలియలేదు. భూతద్దం పెట్టి చూస్తే మాత్రం ఒక తేడా ఉంది. ఎడమ రెక్క మీద వరస చివర్లో చుక్కలు చిన్నవవుతాయి. కుడి రెక్క మీద అవి ఎక్కడ పడితే అక్కడ చిన్నవయ్యాయి. ఒక గంట కూర్చుని లేచిన ఎనభై రెండేళ్ళ చెయ్యి అది. ఒక విమానానికి రెండు వైపులా, ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు పనివాళ్ళు.

దుర్గాపూజ సెలవులకు ముందు ఆదివారం చివరి ముక్కలు వాళ్ళింట్లోనే అతికించాం. విమానం మూడు చక్రాల మీద బల్ల మీద నిలబడింది. పెదనాన్న దాన్ని పట్టుకోలేదు. బల్ల ఎత్తుకు తల వంచి, ఒక కన్ను మూసి, రెక్క కొస నుంచి ఇంకో కొస దాకా చూశాడు. "వంకర నేదు" అన్నాడు. పెద్దమ్మ ముగ్గురికీ వడ్డించింది. తినగానే ఆయనకు కునుకు పట్టింది.

విమానాన్ని పాత టీవీ పెట్టెలో దూది సర్ది పెట్టుకుని, బ్యాటరీ రిక్షా, అదే టోటో, మాట్లాడుకున్నాను. నడిపేది ఒక బెంగాలీ ఆయన, నా వయసువాడే. ఒళ్ళో పెట్టె అంత జాగ్రత్తగా పట్టుకోవడం చూసి, "కీ ఆఛే దీదీ?" అని, లోపల ఏముందని అడిగాడు.

"ఎరోప్లేన్" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. వానలకు ఆ రోడ్డంతా గుంతలే. ఎప్పుడూ వెళ్ళే దారి వదిలేసి, గుంతలు తక్కువని సుభాష్‌పల్లి వైపు తిప్పాడు. అటు కూడా ప్రతి గుంత దగ్గరా బ్రేకు మీద ఆపి, ముందు చక్రం దించి, వెనక చక్రాలు దించి, మళ్ళీ కదిలించాడు. వెనక నుంచి ఎవరో హారన్ కొడితే చెయ్యి బయట పెట్టి ఆగమన్నాడు. పదిహేను నిమిషాల దారికి అరగంట పట్టింది. ఇంటి ముందు ఆపి, నేను రెండు కాళ్ళూ నేల మీద ఆనించేదాకా బండి కదలకుండా రెండు చేతులతో హ్యాండిల్ బిగించి పట్టుకుని కూర్చున్నాడు.